మారిషస్ నైరుతి డే టూర్: ఎనిమిది మంది వ్యాన్ ఎక్కాలా, కారు మాట్లాడుకోవాలా?

సైనిక్‌పురి_మల్లెతీగ
జులైలో ఆరు రోజులకి మారిషస్ వెళ్తున్నాం. ముంబై మీదుగా టికెట్లు అయిపోయాయి, హోటల్ ఉత్తరాన గ్రాండ్ బే దగ్గర తీసుకున్నాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల బాబు, అత్తమ్మ, మామయ్య. మామయ్యకి 72 ఏళ్లు, రెండేళ్ల కింద మోకాలి ఆపరేషన్ అయింది. చదునుగా ఉంటే ఎంతైనా నడుస్తారు, మెట్లు కనిపిస్తే ఆగిపోతారు.

సమస్యంతా ఒక్క రోజు గురించే. అగ్నిపర్వత బిలం, గంగా తలావ్, లోయ వ్యూ పాయింట్, చామరెల్ జలపాతం, ఏడు రంగుల నేల, ఇవన్నీ పొద్దున బయల్దేరి సాయంత్రానికల్లా చూపించే టూర్. "చిన్న గుంపు, 8 మందికి మించరు, గైడ్ వెంట ఉంటాడు" అని రాసి ఉంది. చదవడానికి బాగుంది. కానీ పోయినేడు ఇంకో దేశంలో ఇలాగే చిన్న గుంపు అంటే డబ్బు కట్టాం. తీరా చూస్తే మినీ బస్సులో 19 మంది. మూడు షాపులకి తిప్పారు. అసలు చూడాల్సిన గుడి దగ్గర ఇరవై నిమిషాలిచ్చారు. అత్తమ్మ దేవుడి ముందు కళ్లు మూసుకునే లోపే గైడ్ గుమ్మం దగ్గర నుంచి చెయ్యి ఊపుతున్నాడు. ఆ రోజు ఆమె ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఈసారి ముందే అడుగుతున్నా. గుంపుతో వెళ్లినవాళ్లు, సొంతంగా వెళ్లినవాళ్లు, ఉన్నదున్నట్టు చెప్పండి.

మియాపూర్_లాస్ట్_స్టాప్
మీరే ఐదుగురు. మిగతా ముగ్గురి కోసం మీ రోజంతా వాళ్ల చేతిలో పెట్టడం ఎందుకు? కారు మాట్లాడుకోండి, అయిపోయింది.

ఇరానీ_బిస్కట్
అంత తేలిగ్గా తేల్చేయకండి. నేను 2023లో ఒక్కడినే వెళ్లా, వ్యాన్‌లో ఏడుగురం. మొత్తం ట్రిప్‌లో నాకు అదే మంచి రోజు. క్యూర్‌పీప్ ఊళ్లో ట్రూ ఓ సెర్ అనే బిలం దగ్గర ఆగాం. ఊరికే చూస్తే ఏముంది, చుట్టూ చెట్లు పెరిగిన పెద్ద గుంత, అడుగున కాస్త నీళ్లు, బురద. మా వెనకే టాక్సీలో వచ్చిన ఒక జంట రెండు ఫొటోలు దిగి మూడు నిమిషాల్లో వెళ్లిపోయారు. మా గైడ్ మమ్మల్ని అంచు వెంబడి నడిపిస్తూ ఆ గుంత ఎలా పుట్టింది, ఏ చెట్టు ఇక్కడిది, ఏది బయటి నుంచి తెచ్చి నాటింది, ఎదురుగా కనిపించే కొండల పేర్లేంటి, అన్నీ చెప్పాడు. నలభై నిమిషాలు ఎలా గడిచాయో తెలీదు. డ్రైవర్ తీసుకెళ్లి దింపుతాడు. ఏం చూస్తున్నామో చెప్పేది గైడే.

వనస్థలి_ఆవకాయ
మేం కూడా గుంపుతోనే వెళ్లాం, మాకు చేదు అనుభవం. గైడ్ మంచివాడే, అతన్ని ఏమీ అనను. ఇబ్బందంతా హోటళ్ల దగ్గర ఎక్కించుకోవడంలో వచ్చింది. మమ్మల్ని ఏడున్నరకి ఎక్కించుకున్నారు. తర్వాత ఇంకో నాలుగు హోటళ్లు. ఒకచోట ఇద్దరు ఇంకా టిఫిన్ చేస్తున్నారని పావుగంట, ఇంకోచోట గేటు ఎటో తెలియక పావుగంట. తొమ్మిదింపావు అయినా మేం ఉత్తర తీరంలోనే ఉన్నాం. సాయంత్రం దింపేటప్పుడు మాది ఆఖరు. పదకొండు గంటల టూర్‌లో నాలుగున్నర గంటలు సీట్లో కూర్చునే గడిచిపోయాయి. మా పాప చామరెల్ మలుపుల్లో రెండుసార్లు వాంతి చేసుకుంది, ఆపమంటే "ఇక్కడ ఆపడానికి లేదు" అన్నారు.

మల్లెతీగ గారూ, ఎంతమంది అని కాదు, ఎన్ని హోటళ్ల దగ్గర ఆగుతారు, మిమ్మల్ని ఎన్నోవాళ్లుగా ఎక్కించుకుంటారు అని అడగండి. గ్రాండ్ బే నుంచి చామరెల్ అంటే ద్వీపం ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లినట్టే.

మియాపూర్_లాస్ట్_స్టాప్
నేను మొదటి నుంచీ అదే చెప్తున్నా.

ఇరానీ_బిస్కట్
ఆవకాయ గారి మాట ఒప్పుకోవాలి. నేను పడమటి తీరంలో ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో ఉన్నా, చామరెల్‌కి దగ్గర. ఆఖరున ఎక్కా, ముందుగా దిగా. అందుకే నాకా బాధ తెలియలేదు.

కొండాపూర్_88
బుక్ చేసేటప్పుడు పేరు జాగ్రత్తగా చూసుకోండి. ట్రూ ఓ సెర్ వేరు, ఇల్ ఓ సెర్ వేరు. మొదటిది బిలం, రెండోది తూర్పు తీరాన తెల్లటి ఇసుక ఉన్న చిన్న దీవి. సెర్ అంటే ఫ్రెంచ్‌లో దుప్పి, రెండు పేర్లలోనూ ఉంటుంది. మా బావ కుటుంబం ఈత బట్టలు, తువ్వాళ్లు, ఇసుకలో ఆడుకునే బకెట్లు సర్దుకుని వెళ్లి క్యూర్‌పీప్ కొండ మీద చలిగాలిలో దిగారు. ఆ బకెట్లతో బిలం అంచున దిగిన ఫొటో ఇప్పటికీ మా ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతుంటుంది.

సైనిక్‌పురి_మల్లెతీగ
అయ్యో, నవ్వు ఆగట్లేదు. థాంక్స్, నేనూ ఒకటే అనుకున్నా.

ఇంకో సందేహం. వాళ్ల నాన్న మా బాబుకి లావా చూపిస్తానని మాటిచ్చి కూర్చున్నారు. అక్కడ లావా ఏమైనా కనిపిస్తుందా?

నల్లరాయి
కనిపించదమ్మా. మారిషస్ అగ్నిపర్వతాలు చల్లారి వేల ఏళ్లయింది. ఎర్రగా పారే లావా కావాలంటే సుమారు 200 కిలోమీటర్ల అవతల రీయూనియన్ ద్వీపం ఉంది. అక్కడి పిటాన్ డి లా ఫోర్నేజ్ ఇప్పటికీ తరచూ లావా కక్కుతుంది. అది ఫ్రాన్స్ భూభాగం, వీసా నియమాలు వేరు.

కానీ బాబుని నిరాశపరచకండి, వాడికి ఇంతకంటే మంచి కథ ఉంది. నేను 31 ఏళ్లు డిగ్రీ పిల్లలకి భూగర్భశాస్త్రం చెప్పాను, ఈ కథ చెప్పిన రోజు క్లాసులో ఒక్కడూ గడియారం చూసేవాడు కాదు. భూమి లోతుల్లో ఒకచోట విపరీతమైన వేడి పైకి తన్నుకొస్తూ ఉంటుంది. హాట్‌స్పాట్ అంటారు. దాని మీదుగా భూమి పలకలు జరుగుతూ ఉంటాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద మన భారతదేశం దాని మీద నుంచి పోతున్నప్పుడు లావా పొరలు పొరలుగా పారింది. మహారాష్ట్రలో చాలా భాగం, మన తెలంగాణ పడమటి అంచు ఆ లావా గడ్డకట్టినవే. తర్వాత మన పలక ఉత్తరానికి జరిగిపోయింది. వెనకాల సముద్రంలో లక్షదీవులు, మాల్దీవులు ఉన్న గట్టు లేచింది. ఇంకా తర్వాత, సుమారు 80, 90 లక్షల ఏళ్ల కింద, మారిషస్ లేచింది. ఇప్పుడా వేడి రీయూనియన్ కింద ఉంది.

మన ఊరు నిలబడింది గ్రానైట్ మీద, అది 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. బంజారాహిల్స్ బండలకి, మారిషస్‌కి చుట్టరికం లేదు. కానీ చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు వెళ్తే నేల నల్లబడుతుంది, రాయి నల్లబడుతుంది. ఆ రాయి, మారిషస్ రాయి ఒకే పొయ్యి మీద ఉడికినవి.

చార్మినార్_చాయ్
ఒకే పొయ్యి మీద ఉడికినవి! సార్, ఈ పోస్టు మా అబ్బాయికి చదివి వినిపించా. అట్లాస్ తెమ్మని పీకుతున్నాడు.

సైనిక్‌పురి_మల్లెతీగ
సార్, మా మామయ్యది వికారాబాద్ దగ్గర పల్లెటూరే! నల్లరేగడి పొలం. ఆయనకి చదివి వినిపిస్తే "మా ఊరి రాయి సముద్రం దాటి పోయిందా" అని రెండుసార్లు అడిగారు.

గచ్చిబౌలి_గాలిపటం
అంత దూరం పోయి రాళ్లు, గుంతలు చూసుడెందుకు? ఇక్కడ లేనిది సముద్రం. కాటమరాన్ ఎక్కండి, నీళ్లలో ఉండండి. ఈ నైరుతి టూర్ మొత్తం కొట్టేయండి.

వనస్థలి_ఆవకాయ
గాలిపటం గారూ, ఆరు రోజుల్లో ఐదు రోజులు నీళ్లే కదా. వాళ్ల అత్తమ్మ గంగా తలావ్ చూడాలనుకుంటున్నారు, అది వదలమంటే ఎలా?

వారాసిగూడ_వెన్నెల
గంగా తలావ్ గురించి నేను చెప్తా. అది కూడా బిలమే, నీళ్లు నిండి చెరువైంది. గ్రాండ్ బాసెన్ అని రాసి ఉంటుంది, తికమక పడకండి. దారిలోనే 33 మీటర్ల శివుడి విగ్రహం కనిపిస్తుంది, 2007లో నిలబెట్టారు. చెరువు గట్టు మీద చిన్న చిన్న గుళ్లు. 1972లో మన గంగ నీళ్లు తెచ్చి ఇందులో కలిపారని అక్కడి పూజారి చెప్పారు. మహాశివరాత్రికి ద్వీపం నలుమూలల నుంచి కాలినడకన లక్షల్లో వస్తారు.

గట్టంతా చదునే, మీ మామయ్యకి ఇబ్బంది ఉండదు. కానీ జులైలో చెప్పులు విడిస్తే రాళ్లు మంచుగడ్డల్లా ఉంటాయి. మందపాటి సాక్సులు, శాలువా పెట్టుకోండి. అరటిపళ్లు సంచిలోంచి బయటికి తీయకండి, కోతులున్నాయి. మా పెద్దమ్మ చేతిలో కొబ్బరిచిప్ప ఎలా పోయిందో ఆమెకే తెలియలేదు. మేం కారులో వెళ్లాం కాబట్టి గంటన్నర కూర్చున్నాం, హారతి చూశాం. గుంపు వ్యాన్లన్నీ అరగంటలో కదిలిపోయాయి.

బొల్లారం_బొమ్మలు
షాపుల సంగతి ఎవరూ ఎత్తలేదు. మాకు క్యూర్‌పీప్ దగ్గర ఓడ బొమ్మల ఫ్యాక్టరీ, దాని పక్కన నగల షాపు. నగల షాపులో నలభై నిమిషాలు. టూర్ పేజీలో ఆ షాపు పేరే లేదు. దాని వల్ల చామరెల్‌లో జలపాతం దగ్గర పది నిమిషాలే దక్కాయి.

ఉప్పల్_ఉలి
నగల షాపు వదిలేయండి కానీ ఓడ బొమ్మలని తీసిపారేయకండి. మా తాతలది వడ్రంగం. అక్కడ ఒకాయన వేలెడంత పలకలు ఒక్కొక్కటీ అతికిస్తూ పాతకాలం ఓడ పక్కభాగం కడుతున్నాడు. తెరచాప తాళ్లు దారంతో ముడివేస్తుంటే పక్కన నిలబడి చూశా, కాళ్లు కదల్లేదు. కొనమని ఎవరూ బలవంతపెట్టలేదు. పని చేసేచోటు చూపిస్తే వెళ్లండి, అమ్మే గది మాత్రమే చూపిస్తే బయటే ఉండండి.

బొల్లారం_బొమ్మలు
అది న్యాయమైన మాట. మాకు అమ్మే గదే చూపించారు.

ఇక ఏడు రంగుల నేల గురించి. నెట్‌లో ఫొటోలు చూసి వెళ్తే మొదట మనసు చివుక్కుమంటుంది. ఇంతేనా అనిపిస్తుంది, పెద్ద స్థలమేం కాదు. చుట్టూ చెక్క కంచె, లోపల అడుగు పెట్టనివ్వరు. మేం వెళ్లింది మిట్టమధ్యాహ్నం, అంతా ఒకే ఇటుక రంగులా ఉంది. ఇంతలో సన్నటి జల్లు పడి ఆగి ఎండ వచ్చింది. ఎరుపు, గోధుమ, ఊదా, నీలిబూడిద రంగులు ఒక్కో మడతా విడివిడిగా తేలింది. దిబ్బలు ఎవరో దువ్వెనతో దువ్వినట్టున్నాయి. దుకాణంలో చిన్న గాజుగొట్టాల్లో ఆ మట్టి అమ్ముతారు. బాగా కలిపి వదిలేస్తే కొన్ని రోజులకి మళ్లీ పొరలుగా విడిపోతుందంటారు. మాది కిటికీలో పెట్టాం, నిజంగానే విడిపోయింది.

నల్లరాయి
నల్లరాయి వేడికి, వానకి లక్షల ఏళ్లు నానిపోతే కరిగేవన్నీ నీళ్లతో కొట్టుకుపోతాయి. కరగని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగులుతాయి. ఇనుము ఎరుపు, గోధుమ ఇస్తుంది. అల్యూమినియం ఎక్కువున్నచోట నీలి, ఊదా ఛాయ. జహీరాబాద్ ఎర్రమట్టి కూడా నల్లరాయి ఇలా నానగా వచ్చిందే. చామరెల్‌లో గడ్డి మొలవదు కాబట్టి ఒళ్లంతా కనిపిస్తుంది, అంతే తేడా.

ఇరానీ_బిస్కట్
చూశారా, ఇలాంటి మాటలు చెప్పేవాడు పక్కన ఉండాలనే నేననేది. నల్లరాయి సార్‌ని వెంట తీసుకెళ్లలేం కదా.

పాల్కోవా_ప్రియ
తిండి. గుంపు టూర్‌లో భోజనం వాళ్లు మాట్లాడుకున్న హోటల్లోనే. మా వ్యాన్‌లో శాకాహారం అంటే ఉడకబెట్టిన కూరగాయలు, అన్నం పెట్టారు. రోడ్డు పక్కన మాత్రం స్వర్గం. ధాల్ పూరీ అని పల్చటి రొట్టె, లోపల పప్పుపొడి పరిచి ఉంటుంది, మన బొబ్బట్టుని తీపి లేకుండా కాగితమంత పల్చగా చేసినట్టు. రెండేసి ఇస్తారు, మధ్యలో చిక్కుడుగింజల కూర, పచ్చడి. గాతో పిమా అంటే మన శనగపప్పు వడే, పచ్చిమిర్చి కాస్త ఎక్కువ. అలూదా అంటే ఫలూదాకి చెల్లెలు, సబ్జా గింజలతో సహా. ఇవన్నీ కావాలంటే మనకి నచ్చినచోట ఆగే బండి ఉండాలి.

వారాసిగూడ_వెన్నెల
గాతో పిమా బ్రెడ్‌లో పెట్టి ఇస్తారు, పొద్దున్నే తినండి. బండి మలుపులు తిరిగే ముందు మాత్రం వద్దు.

సీతాఫల్‌మండి
ఆ టూర్‌లో సముద్రం లోపలి జలపాతం ఉంటుందా? రీల్స్‌లో చూశా.

కొండాపూర్_88
ఒడ్డు నుంచి కనిపించదు. లె మోర్న్ కొండ దగ్గర సముద్రం అడుగున ఇసుక లోతుకి జారే తీరు పైనుంచి జలపాతంలా కనిపిస్తుంది. హెలికాప్టర్ ఎక్కితేనే. "వ్యాన్‌లో చూపిస్తాం" అని ఎవరైనా అంటే అక్కడితో మాట్లాడటం ఆపేయండి.

కాకినాడ_కాజా
పదిహేనేళ్లుగా కూకట్‌పల్లిలోనే ఉంటున్నా గానీ మాది తాళ్లరేవు వైపు, కోరంగి పక్క ఊరు. అందుకని ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయా. గైడ్ ఉండాలా, డ్రైవర్ చాలా అని మాట్లాడుతున్నారు. ఆ ద్వీపానికి, మనకి ఉన్న అసలు చుట్టరికం ఎవరూ తీయలేదు.

1834 నుంచి చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి నాలుగున్నర లక్షల మందికి పైగా ఒప్పందం మీద మారిషస్ వెళ్లారు. అందులో తెలుగువాళ్లు ఉన్నారు, మా కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కినవాళ్లు ఉన్నారు. పోర్ట్ లూయిస్‌లో వాళ్లు దిగిన చోటు ఆప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ 16 రాతిమెట్లు మిగిలాయి. ఘాట్ కట్టాక ఓడ దిగినవాళ్లు ఆ మెట్ల మీదుగానే పైకొచ్చారు. నేను ఆ మెట్ల పక్కన నిలబడి మా ఊరి నుంచి ఎవరెవరు వచ్చి ఉంటారో అనుకుంటూ ఉండిపోయా. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. బడుల్లో తెలుగు చెప్తారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

ఇంకొకటి. చెరకు తోటల మధ్య నుంచి పోతుంటే పొలం నడుమ నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. ఇంటెత్తున, వరుసగా పేర్చి, కొన్ని మెట్లు మెట్లుగా. మొదట నేను పాత కోటలనుకున్నా. కావు. ఆ నేల నిండా అగ్నిపర్వతం రాళ్లే. చెరకు నాటాలంటే ఒక్కో రాయీ ఏరాలి. చేతులతో ఏరి, మోసుకొచ్చి, అక్కడ పేర్చారు. దాని మీద ఏ బోర్డూ ఉండదు, టికెట్ ఉండదు. నేనొకసారి దిగి ఒక రాయి ఎత్తి చూశా. రొట్టెలా చిల్లులున్నా బరువు తగ్గలేదు, అంచు చర్మం గీరుకుంటుంది. రెండు చేతులతో నడుముదాకా ఎత్తగలిగా. మల్లెతీగ గారూ, ఏ బండిలో వెళ్లినా ఒక గుట్ట దగ్గర ఆగండి.

వనస్థలి_ఆవకాయ
ఇవి మేమూ చూశాం. ఏంటో తెలియలేదు. ఇప్పుడు చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

ఇరానీ_బిస్కట్
నేనూ వ్యాన్ కిటికీలోంచి చూశా. ఎవరూ అడగలేదు, గైడ్ చెప్పలేదు. ఆ ఒక్క విషయంలో నాకు బాధగా ఉంది.

మియాపూర్_లాస్ట్_స్టాప్
మధ్యేమార్గం చెప్పనా? గైడ్ లైసెన్స్ ఉన్న డ్రైవర్లు దొరుకుతారు. రోజుకి ఇంత అని మాట్లాడుకోండి. ఐదుగురికి లెక్కేస్తే మాకు గుంపు టూర్ కన్నా తక్కువే పడింది. నాలుగు విషయాలు ముందే రాతలో తీసుకోండి: షాపులు వద్దు, మధ్యలో మేం చెప్పినచోట ఆగాలి, ప్రవేశ టికెట్లు ఎవరు కట్టాలి, వాన పడితే రోజు మార్చుకోవచ్చా.

వారాసిగూడ_వెన్నెల
ఆఖరుది చాలా ముఖ్యం. బీచ్ దగ్గర ఎండ మాడుస్తుంటే క్యూర్‌పీప్‌లో వాన కురుస్తూ ఉంటుంది.

సైనిక్‌పురి_మల్లెతీగ
నిర్ణయం అయిపోయింది, కారే. లైసెన్స్ ఉన్న డ్రైవర్ కోసం హోటల్‌కి రాశా. వచ్చాక చెప్తా.

సైనిక్‌పురి_మల్లెతీగ
వచ్చేశాం. మాటిచ్చా కదా, అంతా రాస్తున్నా. పెద్దగా అయితే మన్నించండి.

అక్కడి టైమ్ మన కంటే గంటన్నర వెనక, అందుకని నాలుగున్నరకే అందరం లేచి కూర్చున్నాం. ఆరున్నరకి బయల్దేరాం. ట్రూ ఓ సెర్ అంచు దాకా కారు వెళ్లింది, మామయ్య రెండడుగులు కూడా నడవక్కర్లేదు. కానీ మంచు. బిలం కాదు కదా, ఎదురుగా రైలింగ్ కూడా సరిగ్గా కనిపించలేదు. ఒక వ్యాన్ వచ్చింది, ఆరేడుగురు దిగారు, పది నిమిషాలు తెల్లటి మంచుని చూసి ఎక్కి వెళ్లిపోయారు. ఒకామె వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి చూసింది. మా డ్రైవర్ "మనకి తొందర లేదు" అని ఫ్లాస్కులోంచి టీ పోశాడు. వెనీలా వాసన, పాలు లేవు, మామయ్య రెండు కప్పులు తాగారు. పావుగంటకి గాలి మళ్లింది. మంచు ఒక పక్క నుంచి దుప్పటి లాగినట్టు పోయింది. అడుగున పచ్చటి నీటిచుక్క, చుట్టూ నిలువునా చెట్లు. మా బాబు "నాన్నా, ఇది మూత తీసిన కుక్కర్‌లా ఉంది" అన్నాడు. లావా గురించి మళ్లీ అడగలేదు.

గంగా తలావ్‌లో అత్తమ్మ గంటా నలభై నిమిషాలు కూర్చున్నారు. ఎవరూ చెయ్యి ఊపలేదు. అంతకుమించి రాయలేను.

డ్రైవర్ తెలుగాయన. ఐదో తరం. తెలుగులో మాట్లాడలేడు, మాతో ఇంగ్లీషే. కానీ అత్తమ్మ దణ్ణం పెట్టుకుంటూ ఏదో కూనిరాగం తీస్తుంటే వెనక నుంచి గొంతు కలిపాడు. వాళ్ల నాయనమ్మ నేర్పిన రామభజన అట, దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడతారట. పదాలన్నీ నోటికొచ్చు, అర్థం తెలియదు. లోయ వ్యూ పాయింట్ దాకా దారంతా అత్తమ్మ ఒక్కో పదానికీ అర్థం చెప్పుకుంటూ వచ్చారు. "కరుణ" అంటే ఏంటో చెప్పడానికి ఆమె దగ్గర ఇంగ్లీషు లేదు, మా ఆయన్ని మధ్యలో పెట్టుకుని చెప్పారు. ఆయన బండి పక్కకి ఆపి కాగితం మీద ఫ్రెంచ్ అక్షరాల్లో రాసుకున్నాడు.

వ్యూ పాయింట్ దగ్గర ఎర్రటి చిన్న జామకాయలు ఉప్పూ కారం వేసి అమ్ముతున్నారు, సీజన్ ఆఖరట. గోలీకాయంత ఉన్నాయి, పుల్లగా. చామరెల్ జలపాతాన్ని మామయ్య కింది నుంచే చూశారు, పై మెట్లు బాబు, మా ఆయన ఎక్కారు. రంగుల నేల బొమ్మలు గారు చెప్పినట్టే మొదట చప్పగా ఉంది, మబ్బు విడిచాక మెరిసింది. లె మోర్న్ దగ్గరికి వెళ్లేసరికి చీకటి పడుతోంది. బానిసత్వం నుంచి పారిపోయినవాళ్లు ఆ కొండ మీద దాక్కున్న సంగతి ఆయన చెప్పాడు, కొండ మాత్రం నల్లటి నీడలానే చూశాం. ఆలస్యం మా వల్లే. గుంపుతో వెళ్లి ఉంటే వెలుగుండగా చూసేవాళ్లం. ఇరానీ గారూ, ఇంకోటి కూడా మీ వైపే. బిలాల గురించి మా డ్రైవర్‌కి పెద్దగా తెలియదు, నల్లరాయి సార్ పోస్టు ఫోన్‌లో తీసి మేమే చెప్పాం.

ఆలస్యం ఎందుకైందంటే రాళ్లగుట్ట. దారిలో చెరకు మధ్య కనిపించగానే కాజా గారి మాట గుర్తొచ్చి ఆపమన్నా. మామయ్య దిగారు. గుట్ట దగ్గరికి నడిచి వెళ్లి అరచెయ్యి ఆనించారు. ఒక రాయి తీసి తిప్పి చూశారు, గోటితో గీకారు. "ఇది మా పొలం రాయే" అన్నారు. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి పొలంలో రాళ్లు ఏరి గట్టున పోసేవారట, ఆ సంగతి మా ఆయనకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. రోజుకి ఎన్ని గంపలు, ఏ చేతికి ఎక్కడ కాయ కాసేది, అన్నీ బాబుకి చూపించుకుంటూ గుట్ట చుట్టూ తిరిగారు. డ్రైవర్ వాళ్ల ముత్తాత కూడా ఇదే పని చేశాడట. ఇద్దరూ చేతులు కట్టుకుని ఆ రాళ్లని చూస్తూ నిలబడ్డారు. ఆ రాయి ఎక్కడ తీశారో అక్కడే పెట్టించి వచ్చా.

కాకినాడ_కాజా
మీ మామయ్య గారికి నా నమస్కారం చెప్పండి.

ఇరానీ_బిస్కట్
మంచు పోయేదాకా ఆగడం. అదొక్కటి మా గైడ్ చేయలేకపోయేవాడు. ఒప్పుకుంటున్నా. ఒంటరిగా వెళ్లేవాళ్లకి మాత్రం ఇప్పటికీ గుంపే చెప్తా.

ఉప్పల్_ఉలి
ఆ డ్రైవర్ నంబర్ నాకు మెసేజ్‌లో పెట్టండి అక్కా, ఇక్కడ వద్దు.

నల్లరాయి
అమ్మా, మీ మామయ్య ఊరి రాయి బాబుకి చూపించారా?

సైనిక్‌పురి_మల్లెతీగ
లేదు సార్. పొలం అమ్మేసి పాతికేళ్లయింది, అటు వెళ్లడమే మానేశారు. వచ్చినప్పటి నుంచి వెళ్దామంటున్నారు.

నల్లరాయి
వచ్చే ఆదివారం నేను అనంతగిరి వైపు వెళ్తున్నా. పొద్దున 6కి అప్పా జంక్షన్ దగ్గర కలవండి. గ్రానైట్ ఎక్కడ ఆగుతుందో, నల్లరాయి ఎక్కడ మొదలవుతుందో రోడ్డు మీదే చూపిస్తా.

సైనిక్‌పురి_మల్లెతీగ
వస్తాం సార్. మామయ్య ఇప్పుడే బూట్లు బయట పెట్టించారు. సుత్తి మీరు తెస్తారా, మేం తేవాలా అని బాబు అడుగుతున్నాడు.